నారివా అని రాసిన చీటీలు

కమియామా, అవా సీమ
మార్చి 21

అక్కకు,

బతికే ఉన్నాను. ముందు ఆ మాట రాసేస్తే మిగతా ఉత్తరం నువ్వు నెమ్మదిగా చదువుకుంటావు. ఫోన్లో చెబుదామంటే నీ చెవులతో "ఆఁ? ఏమిటీ?" దగ్గరే సగం రోజు గడిచిపోతుంది.

ప్లం పూలు రాలిపోయాయి, చెర్రీలు ఇంకా విచ్చుకోలేదు. నిన్న పన్నెండో గుడికి కొండెక్కాను. యాత్రికులను పడదోసే కొండ అని దానికి పేరు. నన్నూ రెండుసార్లు పడదోసింది. బసకు చేరేసరికి పాదాల నిండా పొక్కులు. ఆ ఇంటావిడ సూదీ దారం పట్టుకొచ్చి, "కదిలావంటే కాలు కుట్టేస్తా" అని బెదిరించి, ఒక్కో పొక్కులోంచీ దారం దూర్చి నీరు తీసింది. నా కాళ్ళకంటే ముందు నా చేతికర్రను కడిగింది. కర్ర అంటే ఈ యాత్రకి మూలమైన దైషిస్వామే కదా, మనతో పాటు నడుస్తాడట, ఆయన కాళ్ళు ముందట.

పోయినేడు ఇదే రోజుల్లో ముక్కులో గొట్టంతో ఆసుపత్రిలో పడి ఉన్నాను. పొట్టలో మూడింట రెండు వంతులు కోసేశారు. నువ్వు పక్కన ముక్కాలిపీట మీద కూచుని, నేను నిద్రపోతున్నాననుకుని ఎవరెవరికో మొక్కుకున్నావు. అన్నీ విన్నాను. ఆ మొక్కు తీర్చడానికే ఈ నడక. ఇప్పుడు ముద్ద ముద్దకీ రుచి తెలుస్తోంది. నిన్న పొలంలోంచి ఒకామె పరిగెత్తుకొచ్చి ఉడికించిన చిలగడదుంప చేతిలో పెట్టి, తనే నాకు దణ్ణం పెట్టి వెళ్ళింది. ఇచ్చినవాళ్ళే దణ్ణం పెడితే తీసుకున్నవాళ్ళం ఏం చెయ్యాలక్కా? పేరు రాసిన చీటీ ఒకటి ఇస్తాం, అంతే.

చీటీలంటే గుర్తొచ్చింది. రెండొందల చీటీలూ నీ చక్కని చేతిరాతతో రాసిచ్చావు, సంతోషమే. కానీ నేను కురషికిలో కాపురం పెట్టి నలభై ఏళ్ళయింది. అన్నిటి మీదా "నారివా గ్రామం, తొకికో" అని రాశావేమిటి? వయసు మీద పడిందా?

దారి పొడుగునా చిన్న చిన్న రాళ్ళు కనబడతాయి. దారిలోనే పోయిన పాతకాలపు యాత్రికుల సమాధులు. వాటిని చూస్తే అమ్మ గుర్తొస్తుంది. మన తమ్ముడు కాలవలో పడి పోయాడని, వాడికోసం ఎనభై ఎనిమిది గుళ్ళూ నడుస్తానని ఇదే దారి పట్టింది. పోయినవాడి కోసం బయల్దేరింది, ఉన్న ఇద్దరు ఆడపిల్లల కోసం తిరిగి రాలేదు. అందరికీ కృతజ్ఞతలు చెప్పుకుంటూ నడుస్తున్నాను గానీ, ఆవిడ దగ్గరికొచ్చేసరికి నాకింకా కోపమే.

నీ చెల్లెలు
తొకికో


నారివా
ఏప్రిల్ 2

తొకీకి,

నువ్వు ముందే రాసిచ్చిన జాబితాలో తొసా రేవు ఊరి బసకు ఈ ఉత్తరం పంపుతున్నాను. నువ్వు చేరేలోపు చేరుతుందనుకుంటాను.

పొక్కుల మీద తడి సాక్సు వేసుకోకు. నీ పొట్టకు సరిపడా కొంచెం కొంచెంగా తిను. ఇచ్చారు కదా అని అన్నీ తినేసేవు.

ఇక్కడంతా మామూలే. చెర్రీలు విరగబూశాయి. నా మంగలి షాపుకి ముసలాళ్ళు వస్తూనే ఉన్నారు, ఉన్న నాలుగు వెంట్రుకలూ కత్తిరించమని. మీ ఆయన ఆదివారం తల కత్తిరించుకోవడానికి వచ్చి నాలుగు గిన్నెల అన్నం తిని వెళ్ళాడు. "మీ చెల్లెలు లేకపోతే ఇల్లు ప్రశాంతంగా ఉంది వదినా" అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. నిన్న కొత్తగా ఊళ్ళోకొచ్చిన అమ్మాయి ఏడాది పిల్లాణ్ణి తెచ్చి పుట్టు జుట్టు తియ్యమంది. పసిపిల్లల తల పట్టుకోనని చెప్పి పక్క ఊరికి పంపించాను. అందరికీ తెలిసిన సంగతే, ఆ అమ్మాయికి తెలియదు పాపం.

చీటీల మీద చెయ్యి అలవాటుగా నారివా అని రాసేసింది. దానికంత రాద్ధాంతమా?

పోయినవాళ్ళ గురించి అలా మాట్లాడకు. నీకేం తెలుసని. నడిచేటప్పుడు నడక మీద ధ్యాస పెట్టు.

మసుయో


సవాదాని గ్రామం, తొసా సీమ
ఏప్రిల్ 16

అక్కా,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు కాగితాలు చింపేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను. నువ్వు షాపులో ఉంటే లోపలికెళ్ళి కూచుని చదువు.

ముప్పై ఏడో గుడి దాటితే ముప్పై ఎనిమిదోది సముద్రపు కొసన ఉంది, నాలుగు రోజుల నడక. ఆ దారిలో సవాదాని అని పాతికిళ్ళ ఊరు. ఊరి మొదట్లో రేకుల పందిరి, బల్ల, దాని మీద టీ ఫ్లాస్కు, తొక్క పసుపుపచ్చగా ఉండే వేసవి నారింజలు. పందిట్లో నడుము వంగిన అవ్వ ఒకావిడ. పేరు వకా. డెబ్బై ఎనిమిదేళ్ళట.

"ఏ ఊరమ్మా నీది?" అంది.

"నడిచి నడిచి ఊరి పేరు మర్చిపోయానవ్వా."

"కాళ్ళకి గుర్తుంటదిలే. ముందు కూచో."

పండు వలిచి, తెల్లటి లోతొక్కతో సహా కోసిచ్చింది. అదే తియ్యగా ఉంటుందట. తిని, టీ తాగి, నా చీటీ ఇచ్చాను. ఆవిడ దాన్ని చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూసింది.

"నా కళ్ళకి ఆనట్లేదు. చదివిపెట్టమ్మా."

"నారివా గ్రామం, తొకికో."

"మళ్ళా చదువు."

మళ్ళీ చదివాను.

"పెళ్ళికి ముందు ఇంటిపేరేంటి?"

"ఇతానో."

అవ్వ బల్ల పట్టుకుని నిలబడింది. "పెద్దదానివా, చిన్నదానివా?"

"ఎవరికి అవ్వా?"

"షిగెనోకి" అంది.

అమ్మ పేరు నేను ఎవరి నోటైనా విని యాభై ఏళ్ళు దాటింది. చిన్నదాన్నని చెప్పడానికి వేలు చూపించానంతే, చిటికెన వేలు.

అక్కా, అమ్మ మనల్ని వదిలేసి పోలేదు. యాభై తొమ్మిదేళ్ళ కిందట డిసెంబరు వానల్లో ఈ పందిరి ఉన్నచోటే జ్వరంతో పడిపోయి ఉంటే వకా అవ్వ వాళ్ళ నాన్న వీపున వేసుకుని ఇంటికి తీసుకొచ్చాడట. అప్పుడు అవ్వకి పందొమ్మిదేళ్ళు. ఊపిరితిత్తులు చెడిపోయాయి. అంటుకుంటుందని తెలిసి కూడా ఎవరూ పొమ్మనలేదు. కోళ్ళున్న ప్రతి ఇల్లూ వంతులేసుకుని రోజుకో గుడ్డు పంపింది. కొంచెం తేరుకున్నప్పుడు అమ్మ ఊరికే కూచోలేక ఊళ్ళోవాళ్ళ బట్టలకి మాసికలు వేసిపెట్టేదట. కుట్టుకుంటూ, "ఎండలు ముదిరేలోపు ఇంటికెళ్ళాలి, చిన్నది నన్ను మర్చిపోతుంది" అనేదట. ఫిబ్రవరి చివర్లో పోయింది. చీటీ మీద ఊరి పేరు ఉంది కదా, అమ్మ మంచాన ఉన్నప్పుడొకటి, పోయాక ఒకటి, రెండు ఉత్తరాలు రాశారు. రెండోదానికి జవాబు వచ్చిందట. "అలాంటి కోడలు మా ఇంట లేదు" అని ఒక్క వాక్యం. నాయనమ్మే అయ్యుంటుంది. నాన్న గనిలోంచి నెలకోసారి ఇంటికొచ్చేవాడు, ఆయనకి ఏం చెప్పిందో ఏమో.

ఆ జవాబు చదివి వకా అవ్వ వాళ్ళ నాన్న, "లేదంటున్నారు. అయితే మన ఇంటిదే" అన్నాడట. రాయి చెక్కించాడు. పందిరి వెనకాల మెట్ట మీద ఉంది, మన ఊరి దిక్కుకి ముఖం తిప్పి. అమ్మ పేరు, ఊరి పేరు, తేదీ. పితృదేవతలకు దీపం పెట్టే రోజుల్లో వాళ్ళ పెద్దలతో పాటు అమ్మకీ పెట్టారు. ఒక్క ఏడాది తప్పలేదు. వకా అవ్వ పెళ్ళప్పుడు ఇల్లరికం వచ్చిన ఆయనకి మొదట చెప్పిన మాట ఇదేనట, "మా ఇంట్లో ఇంకొకరు కూడా ఉన్నారు" అని.

రాయి ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాను. అరవై ఏళ్ళు కోప్పడినందుకు క్షమించమనాలో, తిరిగి రావాలనుకున్నందుకు కృతజ్ఞతలు చెప్పుకోవాలో తెలియలేదు. నా వెనకాల వకా అవ్వ, "షిగెనో, చిన్నది వచ్చింది" అని చెప్పింది, పక్క గదిలో మనిషికి చెప్పినట్టు.

మోకాలు వాచింది. కొన్నాళ్ళు ఇక్కడే ఉండమంది అవ్వ. నీ జవాబు వచ్చేదాకా ఉంటాను.

అక్కా, తమ్ముడు తమోత్సు పోయిన రోజు నాకేమీ గుర్తులేదు, నాలుగేళ్ళదాన్ని. నీకు ఎనిమిది. నీకు గుర్తుందా?

తొకికో


నారివా
ఏప్రిల్ 20

తొకీకి,

ఉత్తరం అందింది. ఆ ఊరివాళ్ళకు నా తరఫున కూడా దణ్ణం పెట్టు. మోకాలికి చన్నీళ్ళ గుడ్డ కట్టు.

పాత సంగతులు నాకేమీ గుర్తులేవు.

మసుయో


నారివా
ఏప్రిల్ 22

తొకీ,

మొన్నటి ఉత్తరంలో చివరి వాక్యం అబద్ధం. అది పోస్టులో వేసి ఇంటికొచ్చాక షాపు తలుపు మూసేశాను. రెండు రోజులు తెరవలేదు. ఇది చదివాక నువ్వు నాకు చెల్లెలుగా ఉండాలో లేదో నీ ఇష్టం.

అక్టోబరు. వరి కోతలు. అమ్మ, నాయనమ్మ పొలంలో ఉన్నారు. నిన్ను నీడలో చాప మీద పడుకోబెట్టారు. తమోత్సుని అమ్మ నా వీపుకి కట్టింది. ఏడాదిన్నర పిల్లాడు, బరువు. కాలవ గట్టున నడుస్తుంటే నీళ్ళలో చిన్న ఎర్ర పీతలు కనిపించాయి. భుజాలు నొప్పెట్టి, పీతల మీద ఆశ పుట్టి, గుడ్డ విప్పి వాణ్ణి గడ్డి మీద కూచోబెట్టాను. రెండు పీతల్ని పట్టాను. మూడోది రాయి కిందికి దూరింది. తల తిప్పి చూస్తే గుడ్డ ఉంది, వాడు లేడు.

మొదట పరిగెత్తుకొచ్చింది అమ్మే. వాణ్ణి కాలవలోంచి తీసింది. నేను నోరు తెరిచి ఏడవబోయాను. అమ్మ తడి చేత్తో నా నోరు మూసింది. "నువ్వు ఇక్కడ లేవు. చాప దగ్గర చెల్లెలితో ఉన్నావు. విన్నావా? ఇక్కడ లేవు." నాయనమ్మ వచ్చేసరికి, "నేనే గట్టు మీద దించి కొడవలి కోసం వెళ్ళాను" అని చెప్పింది. నాయనమ్మ అమ్మని ఏమేం అందో, ఎన్ని నెలలు అందో నీకు గుర్తులేకపోవడమే మంచిది. మా పిల్లాణ్ణి మింగావు అని అన్నం ముందు కూచున్న ప్రతిసారీ అంది. నేను అక్కడే కూచుని అన్నం తిన్నాను. మాట్లాడలేదు. ఆ తర్వాతి ఏడాది శరదృతువులో అమ్మ యాత్రికుల తెల్లబట్టలు కట్టుకుని వెళ్ళిపోయింది.

ఇంకా ఉంది. సవాదాని నుంచి ఉత్తరం వచ్చిన రోజు నేను చూశాను. నాయనమ్మ దాన్ని స్నానాలకి నీళ్ళు కాచే పొయ్యిలో పడేసింది. కవరు మీద నేను చదవగలిగిన అక్షరాలు "తొసా" వరకే. తొసాలో ఎక్కడో అమ్మ ఉందని నాకు తెలుసు. బతికుందో లేదో తెలియదు. వెతకలేదు. దొరికితే నన్ను ఎలా చూస్తుందోనని భయం.

నీ పిల్లలు పుట్టినప్పుడు నేను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదని నీకు బాధ. నువ్వు అనలేదు గానీ నాకు తెలుసు. నాకు చేతులు రాలేదు తొకీ. ఇంకో కారణం ఏదీ లేదు.

చీటీల మీద నారివా అని అలవాటుగా రాయలేదు. నువ్వు తొసా మీదుగా వెళ్తావని, అక్కడ ఎవరైనా ఆ పేరు చదివి ఆగుతారేమోనని ఆశపడి రాశాను. నాకు వెళ్ళే ధైర్యం లేక, నీకు తెలియకుండా నిన్ను పంపించాను.

నువ్వు అరవై ఏళ్ళు అమ్మని తిట్టుకున్నావు. తిట్టాల్సింది ఎవరినో ఇప్పుడు తెలిసింది కదా.

మసుయో


సవాదాని
ఏప్రిల్ 26

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు వచ్చాయి. పోస్టుమాను చిన్నదాన్ని పైన పెట్టి ఇచ్చాడు. ముందు అది చదివి నీ మీద కోపమొచ్చింది. తర్వాత రెండోది.

నాకు ముందే తెలుసు అక్కా.

ఇక్కడికొచ్చిన రెండో రోజే వకా అవ్వ చెప్పింది. అమ్మ ఆవిడకి అంతా చెప్పింది: వీపుకి కట్టిన గుడ్డ, పీతలు, నోరు మూయడం, అన్నీ. నీకు రాసిన ఉత్తరంలో అది కావాలనే రాయలేదు. నాకు తెలుసని ముందే చెబితే, నువ్వు "అవును" అని ఒక్క మాట రాసి ఊరుకుంటావు. నీ అంతట నువ్వు చెబితే బరువు దిగుతుందని చూశాను. పది రోజులు పోస్టుమాను దారే చూశాను, నువ్వు చెబుతావో లేదోనని. నీ దగ్గర దాచింది నా బతుకులో ఇదొక్కటే.

ఎవరిని తిట్టాలో తెలిసింది కదా అన్నావు. నాకు జడలు వేసింది నువ్వు. నా మొదటి పుస్తకాల సంచి కుట్టింది నువ్వు. నాయనమ్మ పోయాక ఇంటి పని, నాన్న పని, నా చదువు అన్నీ నెత్తినేసుకుని మంగలి పని నేర్చుకున్నావు. ఎవరో ఒకాయన రెండేళ్ళు నీ షాపు చుట్టూ తిరిగి, తిరిగి, జుట్టు అయిపోయాక మానేశాడు. ఎందుకొద్దన్నావని అప్పుడు తెగ విసుక్కున్నాను. ఎనిమిదేళ్ళ పిల్ల, అక్కా! నా మనవరాలికిప్పుడు ఎనిమిదేళ్ళు. బూట్ల లేసు కట్టుకోవడం కూడా సరిగా రాదు. దాని వీపున పసివాణ్ణి కట్టి పంపితే తప్పు దానిదంటానా?

అమ్మ నీకు ఒక మాట చెప్పమంది. నాకు కాదు, నీకు. పెద్దది ఎప్పుడొచ్చినా చెప్పమని వకా అవ్వ చేత చేతిలో చెయ్యి వేయించుకుందట. అందుకే అవ్వ యాభై తొమ్మిదేళ్ళుగా ఈ పందిట్లో ప్రతి చీటీ చదువుతోంది, కళ్ళు ఆనకపోయాక చదివించుకుంటోంది. ఏ వానలోనూ మానలేదు. ఆ మాట నాతో అనలేదు. నేను అడిగితే, "నీది కాదు" అంది. నా చేత రాయించి పంపమన్నా ఒప్పుకోలేదు. మోకాళ్ళకి శస్త్రచికిత్స కోసం ఆవిడ జూన్లో పట్నం వెళ్తోంది. ఈలోగా రా.

నేను రేపు బయల్దేరుతున్నాను. అమ్మ ముద్రల పుస్తకం అవ్వ పెట్టెలో ఉంది. ప్రతి గుళ్ళోనూ సిరాతో రాసి ఎర్ర ముద్ర వేస్తారు కదా, ముప్పై ఏడు పేజీలు నిండి ఉన్నాయి, మిగతావి తెల్లగా ఉన్నాయి. దాన్ని నాకిచ్చింది. ముప్పై ఎనిమిది నుంచి అమ్మ పుస్తకంలో నేను వేయిస్తాను.

నువ్వు రైల్లో రా, బస్సులో రా, అవ్వకి నీ పేరు చెబితే చాలు. కాదు, పేరు కూడా అక్కర్లేదు. పెద్దదాన్ని అని చెప్పు.

తొకికో


సవాదాని
మే 12

తొకీకి,

దోగో వేడినీళ్ళ బసకు నువ్వు చేరేసరికి ఇది అక్కడ ఉంటుందని లెక్క వేసి రాస్తున్నాను.

మూడు రైళ్ళు మారి, బస్సు దిగి, ఊరి మొదట్లో పావుగంట నిలబడిపోయాను. పందిరి కనిపిస్తూనే ఉంది. చివరికి అవ్వే కేకేసింది.

"అక్కడే పాతుకుపోతావా ఏంటి? టీ చల్లారిపోతోంది."

దగ్గరికెళ్ళాను. నువ్వు చెప్పమన్న మాట కూడా నేను చెప్పలేదు. ఆవిడ నా ముఖం చూసి, "పెద్దదానివి. నీకోసం చానా చూశాను" అంది. తర్వాత నన్ను బల్ల మీద కూచోబెట్టి, తను ఎదురుగా కూచుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బళ్ళో పాఠం అప్పజెప్పే పిల్లలా చెప్పింది. ఒక్క అక్షరం పోనివ్వకుండా చెప్పాలని ఏటా అమ్మ పోయిన రోజున పైకి అనుకునేదట.

"మసుయోకి చెప్పు. వాణ్ణి నీ వీపుకి కట్టింది నేను. కాబట్టి అది నాది. నిన్ను కాపాడుతున్నాననుకుని నీ నోరు మూశాను. అది తప్పు. ఇంటికొచ్చాక నిన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని ఏడవనిద్దామనుకున్నాను. రాలేకపోయేట్టున్నాను. నేను లేకపోయినా ఏడువు. ఎంతసేపైనా సరే."

తొకీ, అరవై ఎనిమిదేళ్ళ మనిషిని, రోడ్డు పక్కన, మిట్టమధ్యాహ్నం, ఎద్దు రంకేసినట్టు ఏడ్చాను. కూరగాయల వ్యాను ఆగి చూసి వెళ్ళింది. వకా అవ్వ ఆపమనలేదు, వీపు నిమరలేదు. నారింజలు వలుస్తూ కూచుంది. నాకు ఏడుపు అయిపోయేసరికి ఎనిమిది పళ్ళు వలిచి ఉన్నాయి. "ఇన్ని ఎవరు తింటారే?" అంది. ఇద్దరం కూచుని తిన్నాం.

తర్వాత అమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ ఏమన్నానో నీకు రాయను. అది నీది కాదు.

వచ్చి తొమ్మిది రోజులైంది. కత్తెర తెచ్చుకున్నాను. ఊళ్ళో ప్రతి ఇంటికీ వెళ్ళి కూచోబెట్టి జుట్టు కత్తిరిస్తున్నాను. మొదటింటి ముసలాయన డబ్బులు తియ్యబోతే, "మీ ఇంట్లో కోళ్ళుండేవా?" అని అడిగాను. "మా అమ్మ రోజుల్లో ఉండేవి" అన్నాడు. "అయితే మీ గుడ్డు మా అమ్మ తింది. కూచోండి" అన్నాను. ఆయనకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక తల వంచి కదలకుండా కూచున్నాడు. ఇంత బాగా మెడ వంచినవాడు నా షాపుకి ఎప్పుడూ రాలేదు.

అవ్వ శస్త్రచికిత్సకి వెళ్ళినప్పుడు పందిరి నేను చూసుకుంటానని చెప్పాను. "టీ పెట్టడం వచ్చా?" అని అనుమానంగా అడిగింది. ఒక పూట పరీక్ష పెట్టింది. నీళ్ళు ఎక్కువ మరిగాయంది గానీ పాస్ చేసింది.

ఇవాళ పొద్దున ఆవిడ ఆసుపత్రికి చూపించుకోవడానికి వెళ్ళింది. పందిట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఉత్తరాన ఎక్కడో బడిలో పాఠాలు చెప్పి రిటైరైన ఆయన ఒకరు చెమటలు కక్కుతూ వచ్చారు. టీ పోసిచ్చాను. చీటీ ఇచ్చారు. మెట్ట మీద రాయి చూసి, "పూలు తాజాగా ఉన్నాయి. ఎవరి సమాధి అండీ?" అని అడిగారు.

"మా అమ్మది."

"మీరు ఈ ఊరివారేనా?"

"కాదండీ, నారివా. మేం ముగ్గురు పిల్లలం. చెల్లెలు మీకంటే ముందు నడుస్తోంది. తమ్ముడు చిన్నప్పుడే కాలవలో పడి పోయాడు. తమోత్సు వాడి పేరు. వాణ్ణి చూసుకోమని నాకే అప్పజెప్పారు. నేను పీతలు పడుతున్నాను."

ఎదురుగా ఉన్న మనిషికి ఆ మాట చెప్పడం అదే మొదటిసారి. ఆయన గ్లాసు బల్ల మీద పెట్టి, టోపీ తీసి, మెట్టెక్కి రాయి ముందు నిలబడ్డారు. సంచికి కట్టుకున్న చిన్న గంట మోగించి మంత్రం చదివారు. చివర్లో రెండు పేర్లూ పలికారు, అమ్మదీ, తమోత్సుదీ.

కిందికి వచ్చేసరికి టీ చల్లారిపోయింది. పారబోసి, మళ్ళీ వేడిగా పోసిచ్చాను.

మసుయో